బల్ల మీద ఒక్క కాగితం

ఇద్దరు వెంకటలక్ష్ములు ఒకే రోజు, ఒకే గంటలో బంగారం పట్టుకుని మా బ్రాంచికి రావడం నా ఖర్మ అని చాలా రోజులు అనుకున్నాను. ఖర్మ ఏమీ కాదు. మా వైపు వీధికి ఇద్దరు వెంకటలక్ష్ములుంటారు.

మాది కోనసీమలో ఒక మండల కేంద్రంలో ఉన్న బ్యాంకు బ్రాంచి. మేనేజరు గారు, ఇద్దరు ఆఫీసర్లం, ఇద్దరు క్లర్కులు, ఒక అటెండరు. ఆ ఇద్దరు ఆఫీసర్లలో ఒకర్ని నేను. లోన్లు చూడాలి, పాసింగ్ చేయాలి, స్ట్రాంగ్ రూము తాళాల్లో ఒకటి నా హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. పాసింగ్ అంటే బ్యాంకు బయటి వాళ్ళకి తెలియకపోవచ్చు. క్లర్కు కంప్యూటర్లో ఎక్కించేవాటిలో చాలావరకు ఇంకొకరు చూసి సరే అంటే తప్ప కదలవు. ఎక్కించినవాళ్ళు మేకరు, చూసినవాళ్ళు చెకరు. పద్ధతి మంచిదే. కానీ ఆ చెకరు కుర్చీలో కూర్చున్నవాళ్ళ చెవుల్లో రోజంతా ఒకే మాట మోగుతూ ఉంటుంది: "మేడమ్, పాస్ చేయండి."

2023 జూన్. కాలవలకి నీళ్ళు వదిలారు, నారుమళ్ళ హడావుడి మొదలైంది. పంట రుణాల రెన్యువల్సు మా మీద పడ్డాయి. రూ.3 లక్షల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవాళ్ళకి కేంద్రం ఇచ్చే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. గడువు ఒక్కరోజు దాటినా ఆ రాయితీ పోతుంది. అందుకని ఎవరూ వారం ముందు రారు, అందరూ ఆఖరి నాలుగు రోజుల్లోనే వస్తారు. పాతది కట్టడానికి చేతిలో డబ్బు లేనివాళ్ళు ఇంట్లో బంగారం తెస్తారు. అలా పంట లోన్ల వరస, బంగారం లోన్ల వరస రెండూ వచ్చి నా బల్ల దగ్గర కలుస్తాయి.

పెద్ద వెంకటలక్ష్మి గారిది లంక ఊరు, అరవై దాటి ఉంటాయి. రెండు పేటల గొలుసు తెచ్చారు. రెండో ఆవిడ నలభైలోపే, కొడుకు ఇంజినీరింగు ఫీజు కోసం రెండు గాజులు తెచ్చింది. బంగారం నాణ్యత చూసి విలువ కట్టే అప్రైజర్ గారు గీటురాయి మీద గీసి, ఆసిడ్ చుక్క వేసి చూసి, తూకం వేస్తారు. తూకం వేసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, లేకపోతే గాలికి కాటా మీద అంకె నిలవదు. జూన్ ఉక్కలో ఫ్యాన్ ఆపితే హాల్లో నలభై మంది ఒక్కసారి "అబ్బా" అంటారు. గ్రాస్ ఎంత, రాళ్ళు, లక్క పోను నెట్ ఎంత అని చీటీ రాసి ఆయన నా బల్ల మీద పెట్టారు. గొలుసు నెట్ 24 గ్రాములు, గాజులు 16.

సరిగ్గా ఆ చీటీలు దరఖాస్తులకి పిన్ను కొట్టబోతుంటే ఏం జరిగిందో ఇప్పటికీ వరసగా చెప్పగలను. క్యాష్ కౌంటర్ నుంచి "మేడమ్, పార్టీ నిలబడున్నారు, పాస్ చేయండి" అన్నారు. బల్ల మీద ఫోను మోగింది, పై ఆఫీసు నుంచి, పదకొండింటి లోపు అంకెలు కావాలట. ఎవరో ఒకాయన నా భుజం మీదుగా ఆధార్ జిరాక్సు చాపి "ఇది సరిపోద్దాండీ?" అన్నాడు. ఫోన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఒక చేత్తో పాస్ చేసి, ఇంకో చేత్తో పిన్ను కొట్టాను. గాజుల చీటీ గొలుసావిడ కాగితాలకి, గొలుసు చీటీ గాజులావిడ కాగితాలకి పోయింది. రెండు చీటీల మీదా "వెంకటలక్ష్మి" అని కనబడింది, నేను ఇంటిపేరు చూడలేదు.

ఇద్దరూ "ఎంతొస్తే అంత ఇవ్వండి" అన్నవాళ్ళే. పెద్దావిడ ఖాతాలో 62 వేలు పడ్డాయి, చిన్నావిడ ఖాతాలో 90 వేలు. సంతకం పెట్టమన్న చోట పెట్టి ఇద్దరూ వెళ్ళిపోయారు.

సాయంత్రం ప్యాకెట్లు స్ట్రాంగ్ రూములో పెట్టబోతూ రెండో ఆఫీసరు గారు ఆగారు. "మేడమ్, దీని మీద గొలుసు అని ఉంది. చేతికి గుండ్రంగా తగులుతోంది."

ఆ మాట విన్నాక నా అరికాళ్ళు చల్లబడ్డాయి.

మర్నాడు పెద్దావిడకి కబురు పంపి పిలిపించాం. చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆవిడ "పర్లేదమ్మా, ఇవాళ రేటు తగ్గిందేమో అనుకున్నాను" అంది. చిన్నావిడకి ఫోన్ చేస్తే "రేటు పెరిగిందేమో అనుకున్నానండి మేడమ్ గారూ" అంది. అప్పటికే కాలేజీకి 50 వేలు కట్టేసింది. ఎక్కువ పడిన 28 వేలు మూడో రోజున రుమాలులో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆవిడ ఇవ్వకపోతే నా జీతంలోంచే పోయేవి. రెండు లోన్లూ మూసి మళ్ళీ తెరిచాం. నన్ను ఎక్స్‌ప్లనేషన్ రాయమన్నారు, రాశాను. "పని ఒత్తిడి వల్ల" అని రాసి, కొట్టేసి, "అజాగ్రత్త వల్ల" అని రాశాను. ఏది నిజమో నాకే తెలియలేదు.

నిజానికి ఆ తప్పు బయటపడిన తప్పు. బయటపడకుండా లోపల జరిగేవి వేరే ఉన్నాయి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. "ఆ చెక్కు పాస్ చేశానా? ఆ రెన్యువల్ కాగితం మీద సంతకం పెట్టించానా?" లేచి మంచినీళ్ళు తాగి వచ్చి పడుకుంటే ఇంకోటి. ఆదివారం మధ్యాహ్నం భోజనం అవుతూనే గుండెలో బరువు మొదలయ్యేది. ఇంట్లో కూర మాడబెట్టడం మామూలైపోయింది. మా వారు ఒకరోజు మాట్లాడకుండా నన్ను డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. బీపీ 150/100. మాత్ర రాసిచ్చి, ఉప్పు తగ్గించమని, "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అన్నారు. ఉప్పు తగ్గించాను. ఉప్పు నా చేతిలో ఉంది కాబట్టి.

అంతకుముందు మాకు ఒక ట్రైనింగులో కాగితాన్ని నాలుగు గళ్ళు చేసి, అత్యవసరం, ముఖ్యం అని పనుల్ని విడదీయమని చెప్పారు. మా దగ్గర నిలబడే ప్రతివాళ్ళూ మొదటి గడిలోనే ఉంటారు. మిగతా మూడు గళ్ళూ ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళకి.

మా అమ్మాయి అప్పుడు ఇంటర్ చదువుతోంది. అది చదువుకి ఫోన్లో 25 నిమిషాల టైమర్ పెట్టుకునేది. "అమ్మా, 25 నిమిషాలు ఒక్కటే పని, తర్వాత 5 నిమిషాలు రెస్ట్. ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరిల్లో అని ఒకాయన కాలేజీలో చదివేటప్పుడు టమాటా ఆకారంలో ఉండే వంటింటి టైమర్ పెట్టుకుని మొదలుపెట్టాడంట, అందుకే పొమొడోరో అంటారు" అని చెప్పింది. పొమొడోరో అంటే వాళ్ళ భాషలో టమాటా. సరే చూద్దామని మర్నాడు బ్యాంకులో ఫోను వైబ్రేషన్‌లో పెట్టి మొదలెట్టాను. తొమ్మిదో నిమిషంలో ఒక తాతగారు చేతికర్ర నా బల్లకి ఆనించి, ఎదురు కుర్చీలో కూర్చుని, నా మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. "ఇంకో 16 నిమిషాలు ఆగండి తాతగారూ" అని ఎలా అనను? ఆ మధ్యాహ్నమే టమాటా మానేశాను. చదువుకునే పిల్లలకి, గదిలో తలుపేసుకుని రాసుకునేవాళ్ళకి అది పనికొస్తుంది, కాదనను. కౌంటర్ ఉద్యోగాలకి కాదు.

కానీ దానివల్ల ఒక మేలు జరిగింది. అసలు నన్ను ఎన్నిసార్లు కదిపేస్తున్నారో లెక్కపెట్టాలని బుద్ధి పుట్టింది. పనికిరాని ఓచరు వెనక ఒక ఉదయం పదకొండు నుంచి పన్నెండు దాకా గీతలు గీశాను, పాలవాడు గోడ మీద గీసినట్టు. 37 గీతలు. అందులో 15 మా వాళ్ళవే, పాసింగ్ కోసం. ఫోన్లు 6. మిగతావి జనం. ఇంకో సంగతి కూడా అప్పుడే కనిపెట్టాను. ఆ గంటలో నేను పూర్తిగా ముగించిన లోను కాగితం ఒక్కటి కూడా లేదు. అయిదు తెరిచి ఉన్నాయి.

నవంబరు వచ్చింది. నవంబరంటే పెన్షనర్ల నెల, బతికే ఉన్నామని వాళ్ళు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్లు. కేంద్ర పెన్షనర్లలో 80 దాటినవాళ్ళకి అక్టోబరు నుంచే వీలుంది గానీ, మా వాళ్ళు అందరూ నవంబరులోనే వస్తారు, స్నేహితుల్ని కలవచ్చని. రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు వేలిముద్ర పడక నా ఎదురుగా కూర్చున్నారు. వయసు పైబడినవాళ్ళకి వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి, మెషీను పట్టదు. చేతులు తుడిచి, కాస్త ఆగి, మళ్ళీ ప్రయత్నించాలి. అలా ఆగినంతసేపూ ఆయన నన్నే గమనించారు.

"అమ్మా, మీది అష్టావధానంలా ఉందే" అన్నారు.

"అవధానం కాదండీ మాస్టారూ, అన్నీ జారవిడుస్తున్నాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. తాను చాలా సభల్లో పృచ్ఛకుడిగా, అంటే అవధానిని ప్రశ్నలడిగేవాడిగా, కూర్చున్నానని, సమస్య ఇచ్చేవాడినని చెప్పారు. "జనం అనుకుంటారు, అవధాని ఎనిమిది పనులు ఒక్కసారి చేస్తాడని. చేయడమ్మా. ఫలానా అక్షరం వాడొద్దని అడ్డుపడే నిషిద్ధాక్షరి దగ్గర పద్యంలో ఒక పాదం ముగించి సమస్య దగ్గరికి వస్తాడు, అక్కడ ఒక పాదం ముగించి, ఇచ్చిన మాటలతో పద్యం చెప్పే దత్తపదికి వెళతాడు. సగం పాదంలో లేచిపోయే అవధానిని నేను చూడలేదు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు, వాడి పనే చెడగొట్టడం. వాడికి కూడా నవ్వుతూ ఒక ముక్క సమాధానం చెప్పి, వదిలిన చోటికే వస్తాడు. మీరు పాదం ముగించకుండా లేస్తున్నారు."

ఈలోగా వేలిముద్ర పడింది. ఆయన వెళ్ళిపోయారు. నేను అవధానాలు టీవీలో రెండో మూడో చూశానేమో, పద్యం పాదం తూగిందో లేదో చెప్పేంత జ్ఞానం లేదు. కానీ "పాదం" అన్న మాట మాత్రం నాలో ఉండిపోయింది. పనిని నిమిషాల్లో కొలవడం వల్లే టమాటా పనిచేయలేదు. నా పనికి పాదం ఏది? ఒక మనిషి లోను మొత్తం కాదు, అది గంట పడుతుంది. చీటీ చూసి, ఇంటిపేరు చూసి, దరఖాస్తుకి పిన్ను కొట్టడం, అదొక పాదం. తూకం అంకె స్క్రీన్ మీద ఎక్కిందా లేదా చూడటం ఇంకో పాదం. రెండు మూడు నిమిషాల ముక్కలు. ఎవరు పిలిచినా ఆ ముక్క అయ్యాకే తలెత్తాలి.

డిసెంబరులో మొదలుపెట్టాను. మొదట బల్ల ఖాళీ చేశాను. జిరాక్సు కాగితాల అట్టపెట్టె ఒకటి కుర్చీ వెనక పెట్టి, చేతిలో ఉన్నది తప్ప మిగతావన్నీ అందులో వేశాను. బల్ల మీద ఒక్క కాగితం. అటెండరు గారు చూసి "ట్రాన్స్‌ఫర్ వచ్చిందా మేడమ్?" అన్నారు. అంత ఖాళీ బల్ల మా బ్రాంచిలో ఎవరూ చూడలేదు.

క్లర్కులతో మాట్లాడటం కష్టమైంది. ఇద్దరూ చిన్నపిల్లలు, చురుకైనవాళ్ళు, కానీ వాళ్ళ ఎదుట నిలబడిన పార్టీ వాళ్ళని తిడతాడు. ఆ తిట్టు నా మీదకి మళ్ళించడానికే అరుస్తారు, నాకు తెలుసు, నేనూ క్లర్కుగా చేశాను. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. మనిషి డబ్బు కోసం నిలబడి ఉంటే వెంటనే పాస్ చేస్తాను, నేను చేస్తున్న ముక్క అవగానే. ఫోన్ నంబరు మార్పు, అడ్రసు మార్పు, కొత్త ఖాతాలు, ఇలాంటివన్నీ పోగేసి రోజుకి మూడుసార్లు చూస్తాను. అరవడం ఉండదు, చీటీ రాసి నా పక్కన స్టీలు పళ్ళెంలో వేయాలి. మొదటి వారం చీటీ వేసి మరీ అరిచారు. తర్వాత అరుపు తగ్గింది. నిజం చెప్పాలంటే, పళ్ళెంలో చీటీ వేస్తే పని కచ్చితంగా అవుతుందని నమ్మకం కుదిరాకే తగ్గింది. ఒక్కరోజు మూడోసారి చూడటం మర్చిపోయాను, మర్నాడు మళ్ళీ అరుపులు.

మూడోది పెన్సిలు. తప్పనిసరిగా మధ్యలో లేవాల్సి వస్తే, మేనేజరు గారు పిలిస్తే కూర్చోలేం కదా, ఆ కాగితం మూల "గ్రాస్ చూశాను, నెట్ చూడాలి" అని రాసి లేస్తాను. నాలుగు మాటలు, అయిదు సెకన్లు. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే. తర్వాత మా అమ్మాయి వెతికి చూపించింది, దీని మీద పరిశోధనలే ఉన్నాయి. సోఫీ లెరాయ్ అనే ఆవిడ 2009లో రాసిన పరిశోధనలో, ఒక పని ముగియకుండా ఇంకో పనికి వెళితే మనసులో కొంత మొదటి పని దగ్గరే ఉండిపోతుందని, అందువల్ల రెండోది చెడుతుందని తేల్చారు. ఒక కూర వండిన గిన్నె కడక్కుండా అందులోనే ఇంకోటి వండటం లాంటిది. అదే ఆవిడ, థెరీసా గ్లోంబ్ కలిసి 2018లో ఇంకోటి రాశారు: లేచే ముందు ఎక్కడ ఆపామో, తిరిగి వచ్చి ఏం చేయాలో ఒక నిమిషం రాసుకుంటే ఆ అడుగంటు తగ్గుతుందని. నా పెన్సిలు ముక్కకి అంత శాస్త్రం ఉందని తెలిసి కొంచెం గర్వపడ్డాను.

సాయంత్రం బ్యాంకు నుంచి బయల్దేరే ముందు కూడా అలాగే చేస్తాను. అట్టపెట్టెలో మిగిలిన ప్రతి కాగితం మీద ఒక పెన్సిలు మాట. రాత్రి రెండింటి మెలకువ మొదట తగ్గింది దానివల్లే. మెలకువ వచ్చినా "రాశాను కదా" అని పక్కకి తిరిగి పడుకునేదాన్ని. ఫిబ్రవరిలో బీపీ 130/86. మాత్ర కూడా వేసుకుంటున్నాను కాబట్టి పేరంతా పెన్సిలుకే ఇవ్వను.

తగ్గనివి కూడా ఉన్నాయి. పై ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పదకొండింటికి ఒక అంకె, ఒంటిగంటకి ఒకటి, నాలుగింటికి ఒకటి అడగడం మానలేదు, మానరు. "ఒక్కో పని చేసుకోండి, ఒత్తిడి ఉండదు" అని సలహా ఇచ్చేవాళ్ళే మూడు పనులు ఒక్కసారి పురమాయిస్తారు, దీన్ని నేను చాలాచోట్ల చూశాను. మా బ్రాంచికి ఇంకో ఇద్దరు మనుషులు కావాలి. ఆ లోటు ఏ పెన్సిలూ తీర్చదు. ఆ మాట మేనేజరు గారితో రెండుసార్లు రాతపూర్వకంగానే చెప్పాను.

2024 మే ఆఖరి వారంలో అయితే మొత్తం కుప్పకూలింది. ఏడాదికి రూ.436 జీవిత బీమా, రూ.20 ప్రమాద బీమా, ఈ రెండు ప్రధానమంత్రి పథకాల ప్రీమియం ఆ రోజుల్లోనే ఖాతాల్లోంచి కట్ అవుతుంది. బ్యాలెన్స్ లేనివాళ్ళు వేయడానికి, కట్ అయినవాళ్ళు ఎందుకు కట్ అయిందని అడగడానికి వచ్చారు. పళ్ళెం నిండి చీటీలు కింద పడ్డాయి. అట్టపెట్టె మళ్ళీ బల్ల మీదకి ఎక్కింది. మూడు గంటలప్పుడు ఒక పెద్దాయన మీద గట్టిగా అరిచాను. ఆయన 20 రూపాయల గురించే అడిగారు, పాపం. "ఆయ్, అలాగేనండి" అని వెళ్ళిపోయారు. ఆ రాత్రి రెండింటికి మళ్ళీ మెలకువ వచ్చింది. ఆయన మొహమే కనబడింది. ఆయన గురించి పెన్సిలుతో రాసి పెట్టడానికి ఏమీ లేదు. రెండు రోజుల తర్వాత వచ్చినప్పుడు కుర్చీ వేసి, టీ తెప్పించాను. ఆయనకి ఆ సంగతి గుర్తే లేనట్టు మాట్లాడారు, లేనట్టు నటించారేమో.

జూన్ రెండో వారంలో పెద్ద వెంకటలక్ష్మి గారు గొలుసు విడిపించుకోవడానికి వచ్చారు. కొడుకు గల్ఫ్ నుంచి పంపాడట. ప్యాకెట్ తెచ్చి ఆవిడ ఎదుటే సీలు తీశాను. ఇంటిపేరు పైకి చదివాను, లోను నంబరు చదివాను. "తూకం కూడా వేద్దామండీ" అంటే ఆవిడ "ఎందుకమ్మా, మీరు చూశాక" అంది. నా మీద నమ్మకమో, ఎగతాళో ఆవిడ గొంతులో నాకు అంతుపట్టలేదు.

అటెండరు గారిని ఫ్యాన్ ఆపమన్నాను. హాల్లో అందరూ "అబ్బా" అన్నారు. బల్ల మీద ఫోను మోగింది. వెనక నుంచి "మేడమ్" అని ఒక గొంతు, వెంటనే పళ్ళెంలో చీటీ పడిన చప్పుడు. కాటా మీద అంకె ఇంకా ఊగుతోంది.

"ఎవరో పిలుస్తున్నారు కదమ్మా" అంది పెద్దావిడ.

"పిలవనివ్వండి. ముందు ఇది నిలబడనిద్దాం" అన్నాను. ఇద్దరం కాటా కేసి చూస్తూ కూర్చున్నాం.